బరంపురం మగ్గమూ, యంత్రాల భాషా

ఈ ఉగాది సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఒకటి వ్రాసి ఇవ్వవలసిందని కార్యదర్శి గారు కోరినప్పుడు మేము మొదట అనుకొన్న విషయం వేరు. గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న రోజులు, 1936 ఏప్రిల్ 1న అది కొత్తగా ఏర్పడిన ఒరిస్సాలో చేరడం, దాని వెనుక నడిచిన వాదోపవాదాలు, ఇవన్నీ వ్రాద్దామనుకొన్నాం. అయితే ఏటేటా ఎవరో ఒకరు ఆ సంగతి వ్రాస్తూనే ఉన్నారు. పాఠకులు విసుగు చెందుతారేమోనని సందేహిస్తూ ఉండగా, మా ఇంట జరిగిన ఒక చిన్న సంభాషణ మమ్మల్ని వేరే దారి పట్టించింది.

మా అన్నగారి మనుమడు బెంగుళూరులో చిప్పులు రూపొందించే పనిలో ఉన్నాడు. సెలవులకు వచ్చినప్పుడు, "నువ్వు అక్కడ చేసే పని ఏమిటిరా అబ్బాయీ?" అని అడిగాం.

"ఒక భాషలో వ్రాస్తూంటాను, తాతయ్యా. వెరిలాగ్ అంటారు."

"ఆ భాష ఎవరు మాట్లాడతారు?"

"ఎవరూ మాట్లాడరు. మేము వ్రాస్తాం, ఇసుక వింటుంది" అని నవ్వాడు. చిప్పుకు మూలమైన సిలికాన్ ఇసుకలో నుంచే వస్తుంది గదా, ఆ చమత్కారం.

అప్పుడు మా బావగారు పక్కనే కూర్చుని ఉన్నారు. ఆయన నలభై ఏళ్లు మగ్గం మీద కూర్చున్న మనిషి. మేము నేతపని విడిచి రెండు తరాలైంది గాని, ఆయన విడవలేదు. అబ్బాయి చెప్పినదంతా విని, "ఇదేమి కొత్త? మా అట్టల పనే గదా!" అన్నారు. అబ్బాయి మొదట నవ్వబోయి, తరువాత ఆగి, "నిజమే తాతయ్యా, అక్కడి నుంచే వచ్చింది" అన్నాడు. ఆ మాట వెంట పోగా తేలిన చరిత్ర ఇది.

బరంపురం పట్టుకు పేరుపడిన ఊరని ప్రవాసాంధ్రులమైన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ పట్టు నేసే దేరాలు, అంటే మన దేవాంగులు, ఇంట తెలుగు మాట్లాడేవారు. మహురీ రాజుల పిలుపు మీద రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారని వారి సంప్రదాయం చెబుతుంది. రెండేళ్లకొకసారి జరిగే ఠాకురాణీ యాత్రలో దేరాల పెద్ద అయిన దేశిబెహరా అమ్మవారిని ఆడపడుచుగా పుట్టింటికి తెచ్చుకోవడం మనలో చాలామంది కళ్లారా చూచినదే. ఇక వారు నేసే చీర అంచున పొడుగునా గుడి గోపురాల వరుస సాగుతుంది. దానినే ఫోడా కుంభ అంటారు. మగవారికి నేసే జోడాతో సహా ఆ చీరకు ప్రభుత్వం వారి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

గోపురం అంటే రంగు వేసిన బొమ్మ కాదు. పడుగులో ఉన్న పోగులలో ఏవి పైకి లేవాలి, ఏవి కింద ఉండాలి అని ఒక్కొక్క పేకకు విడివిడిగా నిర్ణయించిన నిర్ణయాల మొత్తమే గోపురం. ఒక పేక వేసేటప్పుడు ఇన్ని పోగులు, తరువాతి పేకకు మరొక పోగు అధికం, ఆ తరువాత మరొకటి. శిఖరం చేరిన పిమ్మట మళ్లీ తగ్గుదల. ఈ నిర్ణయాలను ఎక్కడ దాచుకోవాలన్నది లోకంలోని నేతగాళ్లందరికీ ఎదురైన ప్రశ్న. కొందరు జ్ఞాపకంలో దాచుకొన్నారు. కొందరు మగ్గం పైన కట్టిన జాల దారాలలో దాచుకొన్నారు. ఏ పేకకు ఏ పోగులు లేవాలో ఆ పోగులన్నిటినీ ఒక దారంతో చుట్టి కడితే, ఆ దారం లాగినప్పుడు అవన్నీ ఒక్కసారే లేస్తాయి. కాశీలో ఈ దారపు నమూనా కట్టేవారిని నక్షాబందులని ప్రత్యేకంగా పిలిచేవారు. వారు నేసేవారు కారు, నేతను వ్రాసేవారు. కాగితం, సిరా లేని వ్రాత అది.

ఫ్రాన్సు దేశంలో లియోన్ పట్టణపు పట్టు పనివారు ఇదే ప్రశ్నకు మరొక జవాబు వెతికారు. 1725లో బూషోన్ అనే ఆయన రంధ్రాలు పొడిచిన కాగితపు చుట్టను మగ్గానికి తగిలించాడు. కొద్ది కాలానికే ఫాల్కోన్ అనే ఆయన కాగితం బదులు అట్టలు వాడాడు. వోకాన్సోన్ ఇంకొంత చేర్చాడు. చివరకు 1804 నాటికి జోసెఫ్ మరీ జకార్డ్ ఈ ముక్కలన్నిటినీ కలిపి, నిలకడగా పనిచేసే యంత్రంగా మగ్గం నెత్తిన కూర్చోబెట్టాడు. రంధ్రం ఉన్న చోట సూది లోపలికి పోతుంది, పోగు లేస్తుంది. రంధ్రం లేకపోతే పోగు కదలదు. ఒక అట్టకు ఒక పేక. అట్టలన్నీ మాలగా కుట్టి తిప్పితే చీర తయారు. 1839లో ఈ పద్ధతిన పట్టు మీద జకార్డ్ రూపాన్నే నేశారు. దానికి పట్టిన అట్టలు సుమారు 24,000. చూసినవారు అది చెక్కిన ముద్ర అనుకొన్నారు గాని నేసిన బట్ట అనుకోలేదట.

ఆ పట్టు బొమ్మ ప్రతి ఒకటి ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ గారి చేతికి వచ్చింది. ఆయన అప్పటికే లెక్కలు చేసే మహాయంత్రం ఒకటి ఊహిస్తూ ఉన్నాడు. ఆ యంత్రానికి ఏమి చేయాలో చెప్పడానికి అట్టలే వాడదామని తలచాడు. 1843లో ఏడా లవ్‌లేస్ ఆ యంత్రాన్ని గూర్చి వ్రాసిన వివరణలలో దానిని జకార్డు మగ్గంతో పోల్చింది. యంత్రం ఆయన జీవితకాలంలో పూర్తికాలేదు. అట్టలు మాత్రం నిలిచాయి. 1890లో అమెరికా జనాభా లెక్కలను హాలెరిత్ రంధ్రాల అట్టల మీదనే తేల్చాడు. తరువాతి కాలపు కంప్యూటర్లు ఎన్నో ఏళ్లు ఆ అట్టలనే మేశాయి. ఇంతవరకు తెలిసిన కథే.

అసలు కథ చిప్పుల దగ్గర మొదలౌతుంది. 1971లో ఇంటెల్ కంపెనీ వారు తెచ్చిన 4004 అనే చిప్పులో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. దాని పటాన్ని మనుషులు పెద్ద బల్లల మీద ఎర్రని పలుచని పొరను కత్తితో కోసి తయారుచేశారు. 2,300 అంటే బల్ల మీద సాధ్యమే. లక్షలు దాటితే? ఇప్పుడు ఒక్క చిప్పులో వెయ్యి కోట్లకు పైబడి ఉంటున్నాయి. ఏ బల్లా చాలదు, ఏ కత్తీ చాలదు. బొమ్మ గీయడం మాని, మాటల్లో చెప్పవలసిన అవసరం అప్పుడు కలిగింది. యంత్రం ఎలా ఉండాలో, ఏ సమయానికి ఏమి చేయాలో చెబితే, బొమ్మ సంగతి మరొక యంత్రం చూసుకొంటుంది. ఇట్టి భాషలనే యంత్ర వర్ణన భాషలు, రూపకల్పన భాషలు అని పిలుస్తున్నారు.

వీటిలో ఒక దాని పుట్టుక మమ్మల్ని బాగా ఆలోచింపజేసింది. అమెరికా రక్షణ శాఖ వారు 1980లో అతివేగపు చిప్పుల కోసం ఒక పెద్ద పథకం పెట్టారు. వారికి ఒక చిక్కు ఉండేది. యుద్ధ విమానం ఇరవై, ముప్పై ఏళ్లు ఎగురుతుంది. దానిలోని చిప్పు చేసిన కంపెనీ అంతకాలం ఉంటుందా? ఉన్నా, ఆ చిప్పు చేసిన ఇంజనీర్లు ఉంటారా? చెడిపోయిన చిప్పుకు బదులు ఇంకొకటి చేయించుకోవాలంటే, అది ఏమి చేసేదో ఎక్కడో స్పష్టంగా వ్రాసి ఉండాలి. అందుకని 1983లో ఇంటర్‌మెట్రిక్స్, ఐ.బి.ఎం., టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీలకు ఒక భాష తయారుచేసే పని అప్పగించారు. అదే వి.హెచ్.డి.ఎల్. 1987లో ఐ.ట్రిపుల్.ఇ. సంస్థ వారు దానికి 1076 సంఖ్యతో ప్రమాణ ముద్ర వేశారు. అంటే చేసినవాడు పోయినా చేసిన పని పోకుండా ఉండడానికి పుట్టిన భాష అది.

వెరిలాగ్ పుట్టుక వేరు, అది వ్యాపారంలో పుట్టింది. గేట్‌వే అనే చిన్న కంపెనీని నడిపిన ప్రభు గోయల్ మన దేశస్థుడు, కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివినవాడు. భాషను రూపొందించిన ఫిల్ మూర్బీ ఇంగ్లీషువాడు. 1984 ప్రాంతంలో మొదలైన ఈ భాష ముందు ఒక కంపెనీ సొత్తుగా ఉండి, గేట్‌వేను కేడెన్స్ కంపెనీ కొన్న తరువాత 1990లో అందరికీ తెరవబడి, 1995లో ప్రమాణమైంది. తరువాత వచ్చిన సిస్టమ్‌సి, సిస్టమ్‌వెరిలాగ్ భాషలు రెండూ 2005లో ప్రమాణాలయ్యాయి.

ఇక్కడ పాఠకులు అడుగుతారు, మామూలు కంప్యూటరు భాషలు ఉండగా ఇవి ఎందుకని. మేము కూడా అడిగాం. అబ్బాయి చెప్పిన జవాబు బావగారికి వెంటనే అర్థమైంది, మాకు కొంచెం ఆలస్యమైంది. మామూలు కంప్యూటరు భాష వంట చేసే విధానం లాంటిది. ముందు పోపు, తరువాత కూర, ఆ తరువాత ఉప్పు, ఒకటి అయిన తరువాత ఒకటి. యంత్రంలో అట్లా కాదు, వేల భాగాలు ఒకే క్షణాన కదులుతాయి. ఒక చెంబులో పాలు, మరొక చెంబులో నీళ్లు ఉన్నాయి. వాటిని తారుమారు చేయాలంటే వంటింట్లో మూడో చెంబు కావాలి. యంత్ర భాషలో అక్కరలేదు. గడియారపు దెబ్బ పడిన క్షణాన పాలు నీళ్ల చోటికీ, నీళ్లు పాల చోటికీ ఒక్కసారే పోవాలని వ్రాస్తే చాలు. పోతాయి.

"అట్ట పడ్డప్పుడు పోగులన్నీ ఒక్కసారే లేస్తాయి. ఒకదాని తరువాత ఒకటి లేస్తే నాడె ఎట్లా పోతుంది?" అన్నారు బావగారు. అంతే. అట్ట తిరగడమే గడియారపు దెబ్బ. ఒక అట్టకూ మరొక అట్టకూ నడుమ మగ్గం ఏ స్థితిలో ఉన్నదో అదే యంత్రస్థితి. ఆ అబ్బాయికి కాలేజీలో నాలుగు నెలలు పట్టిన పాఠం ఇది. కాలేజీని తప్పు పట్టడం లేదు. వారి దగ్గర మగ్గం లేదు, అంతే. మన ఊరి దగ్గర పలూరు కొండల వద్ద 1996లో పెట్టిన ఎన్.ఐ.ఎస్.టి.లోనూ మన పిల్లలు ఎలక్ట్రానిక్సు చదువుతున్నారు. అక్కడికి దేరా వీధి ఎంతో దూరం లేదు.

ఇక ఏదైనా వస్తువులో ఇమిడి పనిచేసే యంత్రాల సంగతి. బట్టలుతికే మిషను, విమానం, గుండెకు అమర్చే పరికరం, వీటన్నిటిలోనూ చిన్న కంప్యూటరు దాగి ఉంటుంది. వీటికి ఏమి చేయాలో చెప్పడంలో పెద్ద చిక్కు, అన్ని సందర్భాలూ చెప్పామా లేదా అన్నది. 1980 తరువాత కొద్ది ఏళ్లకు ఇజ్రాయేలులో ఒక యుద్ధ విమానం తయారుచేస్తున్న ఇంజనీర్లకు సలహా చెప్పడానికి డేవిడ్ హారెల్ అనే ఆచార్యుడు వెళ్లాడు. విమానం ఏమి చేయాలో చెప్పే లావుపాటి పత్రాలు వారి వద్ద ఉన్నాయి. ఫలానా స్థితిలో ఫలానా బొత్తాము నొక్కితే ఏమౌతుందని అడిగి చూస్తే, పత్రాలలో ఒకచోట ఒక జవాబు, మరొకచోట మరొక జవాబు! అబద్ధం ఎవరూ వ్రాయలేదు. వ్రాసిన భాష అట్టిది. ఆయన స్థితులను గడులుగా, మార్పులను బాణాలుగా గీసే స్టేట్‌చార్టుల పద్ధతి కనిపెట్టి 1987లో ప్రకటించాడు. ఫ్రాన్సులో జెరార్ బెరీ బృందం వారు ఎస్టెరెల్ అనే భాష చేశారు. పేర్లు ఇంకా చాలా ఉన్నాయి. పాఠకులను వాటితో బాధించము.

ఒక్క ఉదాహరణ మాత్రం విడవలేం. 1994లో ఇంటెల్ వారి పెంటియం చిప్పు కొన్ని భాగహారాలు తప్పు చేస్తున్నదని అమెరికాలో థామస్ నైస్లీ అనే గణితాచార్యుడు కనిపెట్టాడు. కారణం వెతికితే, లోపలి పట్టికలో ఉండవలసిన 1,066 గడులలో 5 గడులు నిండలేదని తేలింది. ఐదు రంధ్రాలు మరచిన అట్ట అనుకోండి. దానికి కంపెనీ వారు లెక్కకట్టిన నష్టం 47 కోట్ల 50 లక్షల డాలర్లు. "అట్టలో ఒక్క రంధ్రం తప్పితే చీర పొడుగునా అదే మచ్చ. వాళ్లకు కొన్నవారు తిట్టారు, మాకు షావుకారు కూలి కోశాడు" అని బావగారు ఆ కథకు వ్యాఖ్యానం చేశారు.

మన తెలుగువారిలో మగ్గం నుంచి యంత్రానికి నేరుగా వంతెన కట్టిన వ్యక్తి తెలంగాణలో శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు. పోచంపల్లి తరహా చీరకు ఆసు పోయడంలో చెయ్యి ఒక చీరకే సుమారు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి. తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఆయన ఏళ్ల తరబడి కుస్తీ పట్టి 1999లో ఆసు యంత్రం పూర్తిచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. తరువాతి నమూనాలలో మైక్రోకంట్రోలరు కూడా చేర్చారు. పెద్ద చదువు లేదు. కాని ఆ పనిలో ఏ కదలిక తరువాత ఏ కదలిక రావాలో ఆయనకు చిన్ననాటి నుంచి కళ్ల ముందు ఉన్నది. 2017లో పద్మశ్రీ వచ్చింది.

కళ్ల ముందు ఉన్నది ఆయనకు. మన కళ్ల ముందు ఏమి మిగిలింది? మా మేనమామ గారి ఇంట మగ్గం మీద చిన్న జకార్డు పెట్టె ఉండేది. దాని అట్టల మాలలు అటక మీద మూటగట్టి ఉండేవి. ఆయన పోయిన తరువాత ఒక చలికాలం నీళ్లు కాచుకోవడానికి వాటిని పొయ్యిలో పెట్టేశారు. అట్ట బాగా మండుతుంది గదా. మేము కూడా ఆ నీళ్లతోనే స్నానం చేశాం. అవి ఏ చీరల అట్టలో, ఎవరు కొట్టినవో అడగాలని అప్పుడు ఎవరికీ తోచలేదు. చీర అంచులో గోపురం ఉండాలని భౌగోళిక గుర్తింపు పత్రం చెబుతుంది. ఏ పేకకు ఏ పోగు లేవాలో చెప్పదు, అది దాని పని కాదు.

ఈ సందర్భంలో గిడుగు రామమూర్తి పంతులు గారిని తలచకుండా ఉండలేము. ఆనాటి గంజాం జిల్లాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండి, కొండల్లోని సవరల భాష నేర్చుకొని, లిపి లేని ఆ భాషకు 1931లో వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు వెలువరించారు. ఆయన సవరల ఇండ్లలో కూర్చొని, వారు పలికినది పలికినట్లు వ్రాసుకొన్నారు. ఎట్లా పలకాలో వారికి చెప్పలేదు. తెలుగు విషయంలోనూ ఆయన పట్టిన పట్టు అదే గదా. రక్షణ శాఖ వారు లక్షల డాలర్లు పోసి చేయించిన పనికీ, పంతులు గారు సొంత ఖర్చుతో కొండలెక్కి చేసిన పనికీ మాకు చుట్టరికం కనబడుతున్నది. కాకపోతే చిప్పుల భాషకు ప్రమాణ సంఘాలు ఉన్నాయి. మగ్గం మాటలకు పంతులు గారు దొరకలేదు.

ఆ సెలవుల్లోనే ఒక రాత్రి, భోజనాలైన తరువాత, అబ్బాయి కంప్యూటరు ముందు పెట్టుకొని, "తాతయ్యా, మీ గోపురం అంచు చెప్పండి, వ్రాసి చూస్తాను" అన్నాడు. బావగారు కళ్లు మూసుకొని వేళ్ల మీద లెక్కపెడుతూ చెప్పారు. పెరుగుతూ పోయే లెక్క, శిఖరం, తరుగుతూ వచ్చే లెక్క. అబ్బాయి పన్నెండు పంక్తులు వ్రాశాడు. మీట నొక్కితే తెర మీద నల్లగళ్లు తెల్లగళ్లుగా గోపురాల వరుస నిలబడింది. మా ఇంటి ఆడవాళ్లు కూడా వచ్చి చూశారు. మాకు చెప్పలేనంత సంతోషమైంది.

బావగారు కొంతసేపు చూసి, "బాగుంది నాయనా. పోగు తెగితే?" అన్నారు.

"తెగదని అనుకొని వ్రాశాను, తాతయ్యా."

"తెగని పోగు ఎక్కడుంది?"

అబ్బాయి తల గోక్కొని, పోగు తెగితే ఆగిపోవాలని ఒక పంక్తి చేర్చాడు. "ఆగితే చాలదు. ఎన్నో పేక దగ్గర ఆగామో జ్ఞాపకం ఉండాలి" అన్నారు ఆయన. దానికొక గడి చేర్చాడు. "ముడి వేసిన తరువాత అక్కడి నుంచే మొదలుపెడితే మచ్చ పడుతుంది. రెండు పేకలు వెనక్కి విప్పుకోవాలి. ముదురు రంగు అంచయితే మూడు." అబ్బాయి మళ్లీ వ్రాశాడు. "శిఖరం దగ్గరే తెగిందనుకో, వెనక్కి పోయేటప్పుడు లెక్క పెరగాలా, తరగాలా?" ఈ ప్రశ్నకు అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మాతో, "మా ఆఫీసులో మేము చేసే పనిలో సగానికి పైగా ఇదే. చేయడం కాదు, ఇట్లా అడగడం. ఇన్ని ప్రశ్నలు వరుసగా అడిగినవారిని మాత్రం చూడలేదు" అన్నాడు.

రాత్రి పన్నెండు దాటింది. పన్నెండు పంక్తులు డెబ్బై అయ్యాయి. వెనక్కి విప్పుకొనే ఆ స్థితికి ఇంగ్లీషులో ఏమి పేరు పెట్టాలో తోచక అబ్బాయి 'విప్పు' అనే వ్రాసుకొన్నాడు. మరునాడు బజారులో దానిని అచ్చు తీయించి తెచ్చి బావగారి చేతికి ఇచ్చాడు. ఆయన మడిచి, ట్రంకుపెట్టెలో జోడాల మధ్య పెట్టుకొన్నారు. అందులో ఉన్నది అంచు మాత్రమే. కొంగు వ్రాయడానికి అబ్బాయి దసరాకు వస్తానన్నాడు.